కేలిబ్రేషన్ గీతని సున్నా గుండా లాగొచ్చా? ఆర్ స్క్వేర్ 0.9999 వచ్చాక ఇంకేం కావాలి?

కువెట్:
ఎల్‌సీ-ఎంఎస్ఎంఎస్ (లిక్విడ్ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించిన యంత్రం) మీద ప్లాస్మాలో ఒక మందు కొలిచే పద్ధతి. డ్యూటీరియం లేబుల్ ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ (అదే మందు, కొన్ని హైడ్రోజన్ల చోట డ్యూటీరియంతో, పోలిక కోసం కలిపేది) ప్రతి వయల్‌లో మి.లీ.కి 100 నానోగ్రాములు పడుతుంది. కింద ఎడమవైపు తెలిసిన గాఢతలు (స్టాండర్డ్స్), కుడివైపు ఏరియా నిష్పత్తులు (మందు పీక్ ఏరియాని ఇంటర్నల్ స్టాండర్డ్ పీక్ ఏరియాతో భాగిస్తే వచ్చేవి), చదవడానికి వీలుగా 10,000తో గుణించాను.

1 నా.గ్రా. → 118
5 → 512
10 → 1015
50 → 5060
100 → 10150
500 → 49300

వీటి మీద మామూలు లీనియర్ ఫిట్ (కేలిబ్రేషన్ గీత) వేస్తే స్లోప్ (వాలు) 98.50, ఇంటర్‌సెప్ట్ (గాఢత సున్నా దగ్గర గీత ఎత్తు) 91.9, ఆర్ స్క్వేర్ (పాయింట్లు గీతకి ఎంత దగ్గరో చెప్పే అంకె) 0.99997. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ అదే సమీకరణంలో 118 పెట్టి వెనక్కి లెక్కేస్తే 1 నానోగ్రామ్ రావాల్సిన చోట 0.26 వస్తోంది. 73 శాతానికి పైగా తక్కువ. 5 రావాల్సింది 4.26 వస్తోంది. ఇంటర్‌సెప్ట్‌ని సున్నా చేసెయ్యమని కొందరు, వెయిటింగ్ (ఒక్కో పాయింటుకి వేరే బరువు) పెట్టమని కొందరు. ఏది సరైనది?

సరళరేఖ:
ఇందులో తర్జనభర్జన ఎందుకు? మందు లేని చోట మందు సిగ్నల్ ఉండదు. గీతని సున్నా గుండా లాగండి, స్లోప్ 98.74 వస్తుంది. 1 నానోగ్రామ్ 1.195గా తేలుతుంది, అంటే 19.5 శాతం ఎక్కువ. ఐసీహెచ్ ఎం10 (ఇలాంటి కొలత పద్ధతులకి అంతర్జాతీయ మార్గదర్శకం) అడుగు స్టాండర్డ్‌కి, అంటే అతి తక్కువ గాఢతకి, 20 శాతం, మిగతావాటికి 15 శాతం తేడా ఒప్పుకుంటుంది. మీ మిగతా ఐదూ 4 శాతం లోపే ఉంటాయి. పాస్.

శేషం:
పాస్ అవడం వేరు, గీత సరిగ్గా ఉండటం వేరు. మీ సున్నా గీత తేడాలనే వరసగా రాస్తున్నాను: +19.5, +3.7, +2.8, +2.5, +2.8, −0.1. తప్పు యాదృచ్ఛికమైతే పైకీ కిందికీ చెదరాలి. ఇక్కడ ఐదు పాయింట్లు ఒకే వైపు ఒరిగాయి, ఆరోది గీతకి అంటుకుపోయి ఉంది. ఆ ఆరోదే 500.

కారణం లెక్కలోనే ఉంది. సున్నా గీత స్లోప్‌లో ఒక్కో పాయింటుకి దక్కే బరువు దాని గాఢత వర్గం. ఆరింటి వర్గాల మొత్తం 262626, అందులో 500 ఒక్కదాని వాటాయే 250000. అంటే 95 శాతం. నిజానికి అది ఆరు పాయింట్ల గీత కాదు, ఒక్క పాయింటు గీత. ఆ పాయింటు కాస్త వంగిందంటే కిందివన్నీ దాని వెనకే నడవాలి. ఇక్కడ వంగింది కూడా. 50, 100 దగ్గర ఒక్కో నానోగ్రామ్‌కి 101 పైన పలికితే 500 దగ్గర 98.6 మాత్రమే పలుకుతోంది.

అదే 1/ఎక్స్² వెయిటింగ్ (ఎక్స్ అంటే గాఢత) ఇస్తే స్లోప్ 99.89, ఇంటర్‌సెప్ట్ 17.9. తేడాలు: +0.2, −1.1, −0.2, +1.0, +1.4, −1.3. చూసుకోండి.

నెబ్యులైజర్:
ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలో లోహాలు కాంతిని ఎంత పీల్చాయో కొలిచే పద్ధతి) వాళ్లకి ఈ బాధ రోజూ ఉంటుంది. శోషణ 1 దాటాక సరళరేఖని వెతకొద్దు. పై స్టాండర్డ్ తీసెయ్యండి, లేదా బర్నర్‌ని తిప్పి మంటలో కాంతి దారి తగ్గించండి.

సరళరేఖ:
శేషం గారూ, అంకెలు బాగానే ఉన్నాయి. కానీ ఆర్ స్క్వేర్ 0.9999 దాటిన గీతని పట్టుకుని తప్పు అంటే రిపోర్టు చదివేవాళ్లు ఏమనుకుంటారు? వెయిటింగ్ అన్న మాట రాయగానే ‘ఎందుకు?’ అని ప్రశ్న వస్తుంది. ఆ ఒక్క మాట మీద నా వేలిడేషన్ (పద్ధతి పనికొస్తుందని రుజువు చేసే) రిపోర్టు రెండుసార్లు వెనక్కి వచ్చింది. సున్నా గీత మీద ఎవరూ ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. మాత్రల ఎస్సేలో (మాత్రలో మందు ఎంతుందో చూసే పరీక్ష) ఒకే ఒక్క స్టాండర్డ్ పెట్టి శాంపిల్ ఏరియాని దాని ఏరియాతో భాగించడం లేదూ? అది సున్నా గీత కాదా?

శేషం:
అది సున్నా గీతే, అక్కడ సరైనదే. ఎస్సేలో కొలిచేది 80 నుంచి 120 శాతం మధ్య. ఇంటర్‌సెప్ట్ 100 శాతం స్పందనలో 1 శాతం ఉన్నా శాంపిల్ స్టాండర్డ్ పక్కనే ఉంటుంది కాబట్టి ఫలితంలో దాని ప్రభావం కనబడదు. ఇక్కడ అడుగుకీ పైకీ 500 రెట్ల దూరం ఉంది. రెండింటికీ ఒకే న్యాయం చెల్లదు.

ఆర్ స్క్వేర్ సంగతికొస్తే, 73 శాతం తప్పు చెప్పిన గీతకి అది 0.99997. మీ సున్నా గీతకి అంతకన్నా తక్కువ, 0.99996. అడుగున మీ గీతే నయం, కానీ ఆర్ స్క్వేర్ దాన్నే వెనక్కి నెట్టింది. ఆ అంకె పై పాయింట్ల మాట మాత్రమే చెబుతుంది. ఫ్రాన్సిస్ యాన్స్‌కోంబ్ 1973లోనే నాలుగు డేటా సెట్లు గీసి చూపించాడు. నాలుగింటికీ కోరిలేషన్ 0.816 దగ్గరే, బొమ్మలు మాత్రం ఒకదానికొకటి పోలిక లేవు.

వెయిటింగ్ ఎందుకని అడిగితే జవాబు గట్టిగా ఇవ్వొచ్చు. 1 నానోగ్రామ్ స్టాండర్డ్‌ని ఐదు వయల్స్‌గా, 500ని ఐదు వయల్స్‌గా విడివిడిగా తయారు చేసి ఇంజెక్ట్ చెయ్యండి. రెండు చోట్లా స్టాండర్డ్ డీవియేషన్ ఒకేలా ఉంటే వెయిటింగ్ అక్కర్లేదు. ఆర్‌ఎస్‌డీ శాతం (సగటులో స్టాండర్డ్ డీవియేషన్ వాటా) ఒకేలా ఉంటే 1/ఎక్స్² పెట్టండి. వేరియన్స్ గాఢతతో సమంగా పెరుగుతుంటే 1/ఎక్స్. పది ఇంజెక్షన్ల పట్టిక రిపోర్టులో పెడితే ప్రశ్న అక్కడే ఆగుతుంది.

పిపెట్:
ఐదు వయల్స్ ఒకే పలచన నుంచి పోస్తే ఈ పరీక్షకి అర్థం లేదు. స్టాండర్డ్స్‌ని ఒకదాన్నుంచి ఒకటి వరసగా పలచన చేసినా, పైమెట్టులో జరిగిన తప్పు కింది వాటన్నిటికీ అంటుతుంది. కేలిబ్రేషన్‌కి ఒక స్టాక్, క్యూసీలకి (పద్ధతిని సరిచూసే, గాఢత తెలిసిన శాంపిల్స్‌కి) విడిగా తూచిన ఇంకో స్టాక్ వాడండి.

సరళరేఖ:
1/ఎక్స్² పెడితే బరువంతా 1 నానోగ్రామ్ మీదికి పోతుంది. మీరే 500 ఒక్కటే గీతని నడుపుతోందన్నారు. ఇప్పుడు 1 ఒక్కటే నడుపుతుంది. ఆ వయల్ పాడైతే?

శేషం:
ఆ ప్రశ్న న్యాయమైనదే. అడుగు స్టాండర్డ్ ఇంటర్‌సెప్ట్‌ని గట్టిగా పట్టుకుంటుంది, అందుకే దాన్ని రెండు వయల్స్‌గా పెట్టాలి. స్లోప్ మీద మాత్రం 1/ఎక్స్²లో ఆరింటికీ మాట ఉంటుంది, ఎందుకంటే ప్రతి పాయింటు శాతం తప్పునీ సమానంగా చూస్తుంది.

కానీ సున్నా గుండా లాగడంలో మీరు చేస్తున్నది వేరు. అక్కడ కొలవని పాయింటుని కొలిచినట్టు రాస్తున్నారు. ఎం10 బ్లాంక్‌నీ (మందు లేని ప్లాస్మా) జీరో శాంపిల్‌నీ (ఇంటర్నల్ స్టాండర్డ్ మాత్రమే కలిపిన ప్లాస్మా) రిగ్రెషన్‌లో, అంటే గీత లెక్కలో, కలపొద్దంటుంది. మీరు వాటిని ఇంజెక్ట్ కూడా చెయ్యకుండా అనంతమైన బరువుతో కలిపేస్తున్నారు.

సరళరేఖ:
అంటే నేను దొంగ లెక్కలు రాస్తున్నానంటారా? మాట జాగ్రత్తగా వాడండి.

ఇన్ని పోస్టులుగా చెప్పలేదు, ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. నాకు ఇంటర్‌సెప్ట్ మీద పగ లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ మెనూ మీద ఉంది. క్యూసీ ఫెయిల్ అయితే 1/ఎక్స్ పెడతారు. కుదరకపోతే 1/ఎక్స్². అదీ కాకపోతే క్వాడ్రాటిక్ (వంపు గీత). ఏదో ఒకటి పాస్ అవుతుంది, దాన్ని ప్రింట్ తీస్తారు. ఫలితం చూసి గీత ఎంచుకోవడమే నిజమైన దొంగ లెక్క. సున్నా గీతకి తిప్పడానికి మరలు ఉండవు. స్లోప్ ఒక్కటే. తప్పొస్తే తప్పని తేలిపోతుంది, దాక్కోడానికి చోటుండదు. నా నమ్మకం అందుకు.

శేషం:
మాట గట్టిగా అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. ఇదే మీరు మొదట్లో చెప్పుంటే సగం పోస్టులు అక్కర్లేకపోయేవి.

ఫలితం చూసి మోడల్ మార్చడం తప్పు. ఇందులో మీకూ నాకూ తేడా లేదు. వెయిటింగ్‌ని వేలిడేషన్‌లో, ఆ పది ఇంజెక్షన్లతో, ఒక్కసారి తేల్చి పద్ధతి పత్రంలో రాసెయ్యాలి. శాంపిల్ బ్యాచ్‌లో ఎవరి చేతికీ ఆ మెనూ అందకూడదు. ఆడిట్ ట్రెయిల్‌లో (ఎవరు ఏం మార్చారో నమోదయ్యే చిట్టా) ప్రాసెసింగ్ మెథడ్ వెర్షన్ మారిందంటే వివరణ ఉండాలి.

తేడా మిగిలింది ఒక్కచోట. దాక్కోడానికి చోటు లేదంటున్నారు, నాకు మాత్రం సున్నా గీతే పెద్ద దాపుగా కనిపిస్తోంది. వెయిటెడ్ గీత ఇచ్చిన ఇంటర్‌సెప్ట్ 17.9. అంటే 0.18 నానోగ్రాములు ఎక్కడి నుంచో వస్తున్నాయి. మందు లేని చోట సిగ్నల్ ఉండదని మీరు నియమం పెట్టగానే ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేకుండా పోతారు.

సరళరేఖ:
0.18 అంటే నాయిజ్. అడుగు హద్దుని 5కి పెంచితే ఈ గొడవే ఉండదు. సున్నా గీతలో 5 నుంచి పైన అంతా 4 శాతం లోపే.

కువెట్:
హద్దు పెంచడం కుదరదండీ. డోసు ఇచ్చాక చివరి గంటల శాంపిల్స్ 1, 2 నానోగ్రాముల దగ్గరే ఉంటాయి. అవి పోతే అర్ధాయువు లెక్క కూడా పోతుంది.

నీడిల్ వాష్:
17.9 ఎక్కడిదో తేల్చడం అరగంట పని. వాదించే బదులు ఈ వరసలో పెట్టండి:

డబుల్ బ్లాంక్ (మందూ లేదు, ఇంటర్నల్ స్టాండర్డ్ కూడా లేదు), జీరో శాంపిల్ (ఇంటర్నల్ స్టాండర్డ్ మాత్రమే), 500 స్టాండర్డ్, ఆ తర్వాత డబుల్ బ్లాంక్ మూడుసార్లు.

500 తర్వాతి మూడు బ్లాంకుల్లో పీక్ ఉండి, ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ పోతే అది క్యారీఓవర్ (ముందు ఇంజెక్షన్ మిగులు). నీడిల్ వాష్‌లో ఆర్గానిక్ శాతం పెంచండి, రోటర్ సీల్ చూడండి. అన్ని బ్లాంకుల్లోనూ, మొదటి దానిలో కూడా, ఒకే ఎత్తున ఉంటే కంటామినేషన్: ప్లాస్మా, ఎక్స్‌ట్రాక్షన్ సాల్వెంట్, వయల్ మూత ఒక్కొక్కటే మార్చి చూడాలి. డబుల్ బ్లాంక్ శుభ్రంగా ఉండి జీరో శాంపిల్‌లో మాత్రమే మందు పీక్ వస్తే దోషం ఇంటర్నల్ స్టాండర్డ్‌ది. లేబుల్ పడని అణువులు అందులో కలిసి ఉన్నాయి.

మీ పై వంపు కూడా చూడండి. 500 వయల్‌లో ఇంటర్నల్ స్టాండర్డ్ ఏరియా మిగతా వయల్స్ కన్నా 1 శాతం పైన పెరిగిందా? పెరిగితే మందు ఐసోటోపులు లేబుల్ ఛానెల్‌లోకి చొరబడుతున్నట్టు. పెరగకపోతే డిటెక్టర్ నిండిపోతున్నట్టు.

కువెట్:
పెట్టాను. డబుల్ బ్లాంక్ మొదటిదీ, 500 తర్వాతి మూడూ శుభ్రం. జీరో శాంపిల్‌ని మూడుసార్లు ఇంజెక్ట్ చేస్తే నిష్పత్తులు, అదే 10,000 లెక్కలో, 17, 19, 18. అడుగు స్టాండర్డ్ 118లో ఇది 15 శాతం. 20 శాతం దాటలేదు కాబట్టి ఇన్నాళ్లూ పాస్ అవుతూ వచ్చింది. 500లో ఇంటర్నల్ స్టాండర్డ్ ఏరియా పెరగలేదు.

నీడిల్ వాష్:
తేలిపోయింది. లేబుల్ స్టాండర్డ్‌లో 0.18 శాతం లేబుల్ లేనిది. 100 నానోగ్రాముల్లో 0.18 నానోగ్రామ్, మీ ఇంటర్‌సెప్ట్‌తో అచ్చంగా సరిపోయింది. ఇంటర్నల్ స్టాండర్డ్‌ని 33కి తగ్గించండి. జీరో శాంపిల్ నిష్పత్తి అలాగే 18 దగ్గరే ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి. స్లోప్ మూడింతలవుతుంది కాబట్టి ఆ 18 ఇప్పుడు 0.06 నానోగ్రామ్‌తో సమానం. మరీ తగ్గించొద్దు, ఇంటర్నల్ స్టాండర్డ్ పీక్ నాయిజ్‌లో పడితే ప్రతి నిష్పత్తీ చెదురుతుంది. డిటెక్టర్ నిండటానికి విడిగా ఇంజెక్షన్ పరిమాణం సగం చెయ్యండి, కాకపోతే అడుగు పీక్ సిగ్నల్-నాయిజ్ ఎంత పడిందో చూసుకోండి.

సరళరేఖ:
నాయిజ్ అన్నాను, కాదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి గమనించండి: ఇంటర్నల్ స్టాండర్డ్ తగ్గించాక గీత సున్నా గుండానే పోతుంది.

శేషం:
పోవచ్చు. ఇంటర్‌సెప్ట్‌ని కట్టెయ్యకుండా వదిలి, పోతుందో లేదో చూద్దాం. కువెట్ గారూ, కొత్త ఆరు అంకెలతో పాటు జీరో శాంపిల్ కూడా ఇక్కడే పెట్టండి.