ఆల్బమ్ చేస్తుంటే వీడియో కన్వర్షన్ కోర్లన్నీ మింగేస్తోంది

తెనాలిలో మాది చిన్న ఫొటో స్టూడియో. ఉన్నది ఒక్క సిస్టమే: ఐ5-13400, 16 జీబీ ర్యామ్, విండోస్ 11. శ్రావణ మాసం ముహూర్తాలు కదా, ఫుటేజీ కుప్పలుగా వచ్చి పడుతోంది. బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా నడిపే ఫైల్) పెట్టి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో కన్వర్షన్ ప్రోగ్రామ్‌తో క్లిప్పులు వరసగా కన్వర్ట్ చేయిస్తూ, ఇటు ఫొటోషాప్‌లో ఆల్బమ్ షీట్లు చేసుకుంటా. నిన్న తలంబ్రాల షీటులో పెళ్లికూతురి చెంప మీద బ్రష్ పెడితే గీత రెండు సెకన్ల తర్వాత పడింది. ఈలోగా నా చెయ్యి ముక్కుపుడక దాటేసింది.

టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, సెట్ అఫినిటీలో (ప్రోగ్రామ్ ప్రాసెసర్‌లోని ఏ థ్రెడ్లు, అంటే పని దారులు, వాడాలో ఎంచుకునే చోట) ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి 0 నుంచి 11 దాకా టిక్కులు తీసేస్తే హాయిగా ఉంది. కానీ క్లిప్ అయిపోయి ఇంకోటి మొదలవగానే మళ్లీ పదహారు థ్రెడ్లూ ఫుల్. ప్రతిసారీ టిక్కులు తీస్తూ కూర్చోవాలా?

జవాబు 1:
మీరు టిక్కులు తీసింది ఆ ఒక్క ప్రాసెస్‌కే. క్లిప్ అవగానే అది పోతుంది, బ్యాచ్ ఫైల్ కొత్తదాన్ని పుట్టిస్తుంది. అఫినిటీ తల్లి నుంచి వస్తుంది గానీ అక్క నుంచి రాదండీ. అందుకని తల్లికే, అంటే బ్యాచ్ ఫైల్‌ని నడిపే సీఎండీకే పెట్టండి:

స్టార్ట్ /లో /అఫినిటీ ఎఫ్000 సీఎండీ /సీ, ఆ తర్వాత మీ బ్యాచ్ ఫైల్ పేరు. టైప్ చేసేటప్పుడు మాత్రం అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే (/లో అంటే low, తక్కువ ప్రాధాన్యం అని).

మీ చిప్‌లో పి-కోర్లు (వేగమైనవి) 6, ఒక్కోదానికి రెండు థ్రెడ్లు, అవి 0–11. ఈ-కోర్లు (కరెంటు ఆదా చేసే చిన్నవి) 4, అవి 12–15. ఆ ఎఫ్000లో ఒక్కో స్థానం నాలుగు థ్రెడ్లకి లెక్క, కుడి నుంచి చూడాలి. ఎఫ్ అంటే నాలుగూ వాడుకో అని, సున్నా అంటే ముట్టుకోవద్దని.

జవాబు 2:
అన్నా, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే చోటు) ఏ డ్రైవ్‌లో ఉందో చూశావా? ఫుటేజీ ఉన్న హార్డ్ డిస్క్‌లోనే ఉంటే కోర్లు ఎన్ని వదిలిపెట్టినా బ్రష్ ఆగుతూనే ఉంటుంది.

అడిగినవారు:
మొదట సున్నాలు రెండే కొట్టా. ఈ-కోర్లు ఖాళీగా కూర్చున్నాయి, పనంతా 8 నుంచి 11 మీద పడింది, అవి పి-కోర్లాయె! మూడో సున్నా పెట్టాక దారికొచ్చింది. తమ్ముడు చెప్పిందీ నిజమే, స్క్రాచ్ డీ డ్రైవ్‌లో ఫుటేజీ పక్కనే ఉంది. ఎస్ఎస్‌డీకి మార్చా. కన్వర్షన్ బాగా నెమ్మదించింది గానీ, రాత్రి షటర్ వేసేముందు అఫినిటీ లేకుండా మిగతావి రన్ చేసి వెళ్లిపోతున్నా.