టెక్నిక్స్ జత కోసం ఆగాలా, చవక టర్న్‌టేబుళ్లతో మొదలెట్టేయాలా?

డాలస్ డెక్కు:
అందరికీ నమస్తే. ఇక్కడ మనవాళ్ల సంగీత్‌లకీ బర్త్‌డేలకీ కంట్రోలర్ (లాప్‌టాప్‌కి తగిలించే డీజే పెట్టె) మీద డీజే చేస్తుంటాను. ఇప్పుడు స్క్రాచింగ్, అంటే రికార్డుని చేత్తో ముందుకీ వెనక్కీ ఆడించి శబ్దాలు తీయడం, పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. లాప్‌టాప్‌లో సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్, టర్న్‌టేబుల్ ప్లాటర్ (తిరిగే పళ్లెం) మీద టైమ్‌కోడ్ రికార్డు (పాటకి బదులు టోన్ ఉంటుంది, దాన్నిబట్టి లాప్‌టాప్‌లోని పాట నడుస్తుంది), అదీ ప్లాన్. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే7 కొత్తవి జత అంటే మిక్సర్ కాకుండానే రెండు వేల డాలర్లు దాటుతోంది. ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ జత అందులో సగానికి లోపే వస్తుంది. చవకవాటి మీద నేర్చుకుంటే చెయ్యి పాడవుతుందని ఒకాయన భయపెట్టారు. నిజమేనా? మా ఆవిడకి ఇంకా ఏ రేటూ చెప్పలేదు.

పాత ముల్లు:
ఆయన చెప్పింది నిజమే తమ్ముడూ. 1200 మొదట 1972లో వచ్చింది, ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం. డీజేలు దాన్ని క్లబ్బులకి పట్టుకెళ్లారు. 1979లో క్వార్ట్జ్ లాక్ (స్పీడు నిలకడగా ఉంచేది), పిచ్ స్లైడర్ (స్పీడు మార్చే మీట)తో ఎంకే2 మోడల్ వచ్చాక ఇంకోదాని వైపు చూసిన క్లబ్బు తక్కువ. 30 లక్షలకు పైగా ఊరికే అమ్ముడుపోవు కదా. 2010లో తయారీ ఆపేశారు. పాతవాటి రేట్లు పడ్డాయా? పెరిగాయి. 2016లో మళ్లీ మొదలెట్టినప్పుడు 1200జీకి నాలుగు వేల డాలర్లు పెట్టారు, అది వేరే సంగతి. డీజేల కోసం ఎంకే7 వచ్చింది 2019లో.

వెస్టాక్స్ అనే టర్న్‌టేబుల్ బ్రాండు గుర్తుందా ఎవరికైనా? స్క్రాచ్ చేసేవాళ్లు దానికోసం పడిచచ్చేవారు. 2014లో కంపెనీ దివాలా తీసింది. ఇప్పుడు దాని పార్టు కావాలంటే వెతుక్కోవాల్సిందే. నలభై ఏళ్ల టెక్నిక్స్‌కి ఈ రోజుకీ స్పేర్లు దొరుకుతాయి. ఒక్కసారి కొను, రేపు అమ్ముకున్నా డబ్బు వెనక్కి వస్తుంది.

బాస్ తగ్గించు:
అన్నా, స్టాండర్డ్ అనేదానికి విలువ ఎప్పుడు? మనం వెళ్లిన చోట అదే మెషీన్ ఉన్నప్పుడు. నేను హైదరాబాద్‌లో చేస్తాను. క్లబ్ బూత్‌లో సీడీజేలు (రికార్డు అక్కర్లేని డిజిటల్ ప్లేయర్లు), పెళ్లిళ్లలో మనం మోసుకెళ్లిన కంట్రోలర్, నిమజ్జనం ఊరేగింపులో లాప్‌టాప్. టర్న్‌టేబుల్ ఉన్న బూత్ కనిపించడమే గగనం. డాలస్ బాంక్వెట్ హాల్లో మాత్రం ఎవరు పెట్టి ఉంచుతారు? ఎక్కడా ఎదురుపడని మెషీన్‌కి చెయ్యి అలవాటు చేసుకోడానికి రెండు వేల డాలర్లా?

పాత ముల్లు:
ఎదురుపడకపోతే సొంతది మోసుకెళ్తాడు. అందుకే గట్టిది కొనమంటున్నా.

ఫేడర్ పిచ్చి:
చెయ్యి పాడవడం అనేది బెల్ట్ డ్రైవ్ విషయంలో నిజం. డైరెక్ట్ డ్రైవ్‌కీ అదే మాట అంటగట్టి కొత్తవాళ్లని భయపెడుతున్నారు. బెల్ట్ దాంట్లో మోటారు పక్కన ఉంటుంది, రబ్బరు బెల్టు ప్లాటర్‌ని తిప్పుతుంది. రికార్డు పట్టుకుని వెనక్కి లాగితే బెల్టు జారుతుంది. చెయ్యి వదిలాక స్పీడు అందుకోడానికి టైం పడుతుంది. దాంతో వదిలేటప్పుడు రికార్డుని ముందుకి తోయడం అలవాటైపోతుంది, తర్వాత మాన్పించడం కష్టం. డైరెక్ట్ డ్రైవ్‌లో మోటారు సరిగ్గా ప్లాటర్ కిందే ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక టార్క్, అంటే మోటారు తిప్పే బలం. ఎంకే2 స్టార్టింగ్ టార్క్ 1.5 కిలో-సెంటీమీటర్లు. ఎంకే7ది 1.8. వాటికంటే చవకైన పయనీర్ పీఎల్ఎక్స్-1000ది 4.5! తైవాన్‌లో హాన్‌పిన్ అనే కంపెనీ ఉంది. చాలా బ్రాండ్ల టర్న్‌టేబుళ్లు ఆ కంపెనీ చేతిలోనే తయారై, ఎవరి స్టిక్కర్ వాళ్లు వేసుకుని బజారుకొస్తాయి. చవక అనగానే బొమ్మ అనుకోవాల్సిన పనిలేదు.

అలాగని ఆ 4.5 చూసి మురిసిపోనక్కర్లేదు కూడా. స్క్రాచ్ చరిత్రలో ఎంత భాగం ఎంకే2 తాలూకు 1.5 మీద నడిచిందో చూడండి. చెయ్యి కింద రికార్డు ఆగినా ప్లాటర్ తిరుగుతూ ఉండాలి. అందులో మోటారుది ఎంత పనో స్లిప్‌మ్యాట్‌దీ (రికార్డు కింద వేసే జారే గుడ్డ) అంతే పని. 1970ల్లో బ్రాంక్స్‌లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఫెల్ట్ గుడ్డకి గంజి పట్టించి, గట్టిపడేదాకా ఇస్త్రీ చేసి రికార్డు కింద వేసుకున్నాడు. ఇది స్టాండర్డ్, ఇది కాదు అని చెప్పేవాళ్లు అప్పుడు లేరు.

డెక్కు బ్రో, నీ లిస్టులో నాకు అనుమానం ఎల్‌పీ120ఎక్స్ మీదే. దాని టార్క్ 1 దరిదాపు. పాట మీద పాట కలపడానికి చాలు. బరువుగా చెయ్యేసి స్క్రాచ్ చేస్తే ప్లాటర్ కూడా ఈడ్చుకుపోతుంది. అదే కంపెనీది ఎల్‌పీ140ఎక్స్‌పీ చూడు, 2.2. అందులో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది), యూఎస్‌బీ ఉండవు, మిక్సర్ ఉన్నవాడికి అక్కర్లేదు కూడా. 120ఎక్సే తీసుకుంటే మాత్రం వెనక స్విచ్ ఫోనోలో పెట్టు. లైన్‌లో ఉంచి మిక్సర్ ఫోనో ఇన్‌పుట్‌కి గుచ్చితే సౌండ్ చీరుకుపోతుంది.

రేకుల పెట్టె:
టాపిక్ పక్కకి లాగుతున్నందుకు ఏమనుకోకండి. మా తాతగారి పద్యనాటకాల రికార్డులు ఉన్నాయి, 78 స్పీడువి. వీటిలో ఏ మెషీన్ మీదైనా ఆడతాయా?

ఫేడర్ పిచ్చి:
ఎంకే2లో 33, 45 మాత్రమే అండీ. ఎంకే7లో, 120ఎక్స్‌లో 78 ఉంది. ముల్లు మాత్రం 78లకి వేరే కొనాలి. వాటి గాడి వెడల్పు, మామూలు ముల్లు అడుక్కి దిగిపోయి గరగరలాడుతుంది. అవి లక్క రికార్డులు, కింద పడితే ముక్కలే. డీజే ఉన్న ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.

పాత ముల్లు:
టార్క్ సరే, బరువు సంగతేంటి? ఎంకే2 పన్నెండు కిలోలు. 120ఎక్స్ ఎనిమిదే. పెద్ద సబ్‌వూఫర్ పక్కన పెడితే బాస్ టేబుల్ మీదుగా ముల్లులోకి ఎక్కుతుంది. పాట లాప్‌టాప్ నుంచి వచ్చినా ముల్లు చదివేది రికార్డులోని టోన్‌నే. ఆ సిగ్నల్ చెడితే పెళ్లికూతురు ఎంట్రీలో పాట వంకర్లు పోతుంది.

ఫేడర్ పిచ్చి:
బాస్ విషయం ఒప్పుకుంటా అన్నా. కింద మందపాటి ఫోమ్ వెయ్యక తప్పదు. కానీ ఆ పన్నెండు కిలోలు ఎంకే2వి. ఇప్పుడు మీరు కొనమంటున్న ఎంకే7 పది కిలోలు కూడా లేదు. 140ఎక్స్‌పీ పది ఉంది!

సోల్డర్ రాజు:
అందరూ కొత్తవాటి గురించే కొట్టుకుంటున్నారు. నేను విజయవాడలో ఇలాంటివి రిపేర్ చేస్తాను. పాత ఎంకే2 మంచిది దొరికితే తీసుకోవచ్చు, కానీ ఆన్ చేసి చూడకుండా డబ్బివ్వొద్దు. పిచ్ స్లైడర్‌ని సున్నా దగ్గర మెల్లగా అటూఇటూ జరపండి. అక్కడ టక్కుమని ఆగే చోట కొంచెం మేర స్పీడు మారదు, అరిగినదాంట్లో ఇంకా ఎక్కువ. టోన్ఆర్మ్‌ని (ముల్లుని మోసే కడ్డీ) వేలితో మెత్తగా కదిపితే లొడలొడలాడకూడదు. ఆర్‌సీఏ వైర్లు (సౌండ్ బయటికి తెచ్చేవి) లోపల సోల్డర్ చేసి ఉంటాయి, మెలితిరిగి ఒక పక్క సౌండ్ పోవడం మామూలే, అది చిన్న రిపేరు. అమెరికాలో కొన్నది 120 వోల్టులది. ఇండియాకి తెచ్చి నేరుగా 230లో పెట్టకండి, ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. అలా కాల్చుకుని నా దగ్గరకి వచ్చినవాళ్లు ఉన్నారు.

డాలస్ డెక్కు:
థాంక్యూ అందరికీ. 140ఎక్స్‌పీ జత వైపు మొగ్గుతున్నాను. పాత ముల్లు గారూ, తిట్టుకోకండి. మిగిలిన డబ్బు మిక్సర్‌కీ కార్ట్రిడ్జ్‌లకీ (ముల్లు ఉండే భాగం). స్క్రాచ్‌కి షూర్ ఎం44-7 అని అందరూ అంటారు, ఎక్కడా కొత్తది దొరకట్లేదేంటి?

బాస్ తగ్గించు:
షూర్ వాళ్లు 2018లో కార్ట్రిడ్జ్‌ల వ్యాపారమే మూసేశారు. అదీ ఒకప్పటి స్టాండర్డే మరి! ఆర్టోఫాన్ కంకార్డ్‌లలో స్క్రాచ్ కోసం చేసినవి చూడు.

పాత ముల్లు:
తిట్టనులే. కానీ ఒక లెక్క చూడు. స్క్రాచ్ నేర్చుకోడానికి డెక్కు (టర్న్‌టేబుల్) ఒకటి చాలు, బీట్ లాప్‌టాప్ నుంచే రెండో ఛానెల్‌లో వదులుకోవచ్చు. ఆ 140ల జత డబ్బుకి ఇంకాస్త కలిపితే ఎంకే7 ఒకటి వస్తుంది. రెండోది వచ్చే ఏడాది కొనుక్కో.

ఫేడర్ పిచ్చి:
మరి బీట్ జగ్లింగ్, అంటే రెండు డెక్కుల మధ్య బీట్లు మార్చి మార్చి ఆడించడం? ఒక డెక్కుతో ఎలా చేస్తాడు?

పాత ముల్లు:
ముందు అన్నిటికంటే తేలికైన బేబీ స్క్రాచ్ రానీ నాయనా.