"వారిజాక్షులందు" అంటే ఎవరితో బొంకమని?

దుప్పటిగోడ: నిన్న రాత్రి 1934 నాటి 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' మళ్లీ చూశాను. తండ్రి పురమాయించిన డిటెక్టివులు గదిలోకి జొరబడగానే, క్లార్క్ గేబుల్, క్లాడెట్ కోల్బర్ట్ అప్పటికప్పుడు మొగుడూ పెళ్లాలైపోయి గొంతు చించుకుని పోట్లాడుకుంటారు కదా. అది చూస్తుంటే, వామనుడికిచ్చిన మాట తప్పినా పాపం లేదని శుక్రుడు బలికి చెప్పే పోతన భాగవత పద్యం ఒకటి బుర్రలో తిరగడం మొదలెట్టింది. "వనజాక్షులందు వైవాహికములందు", ఆఖర్న "బొంకవచ్చు నఘము పొంద దధిప". మధ్యది చిక్కట్లేదు. ఇంకో సందేహం: ఆ మొదటి "అందు" ఆడవాళ్లతో బొంకవచ్చననా, ఆడవాళ్ల కోసం బొంకవచ్చననా?

సూర్యగణం: వనజాక్షులు కాదండీ, వారిజాక్షులు. ఆటవెలది ఎత్తుగడలో "వనజా" పెడితే మొదటి గణమే కూలిపోతుంది. మధ్య పాదాలు: "ప్రాణవిత్తమానభంగమందు / చకిత గోకులాగ్రజన్మ రక్షణమందు".

అరసున్న: "అందు" వైషయికాధికరణం. ఆడవాళ్ల విషయంలో అని. "తో", "కోసం" రెండూ మనం చొప్పించుకున్నవే.

దుప్పటిగోడ: విషయంలో అంటే మళ్లీ ఎవరితో?

బందరు లడ్డు: అమెరికా దాకా ఎందుకండీ, మన మిస్సమ్మ (1955) లేదూ? భార్యాభర్తలైతేనే ఉద్యోగం అన్న ప్రకటన చూసి రామారావు, సావిత్రి దొంగ మొగుడూ పెళ్లాలవుతారు. పోతన "విత్త" అన్నాడు గానీ వ్యాసుడి మాట ఇంకా సూటిగా ఉంది: "స్త్రీషు నర్మవివాహే చ వృత్త్యర్థే ప్రాణసంకటే". వృత్త్యర్థే! బతుకుతెరువు కోసం. అసలు "నర్మవివాహం" అంటేనే ఉత్తుత్తి పెళ్లి అని నా వాదన. ఆ శ్లోకం మిస్సమ్మ కథకి సినాప్సిస్.

అరసున్న: లడ్డు గారూ, అది ద్వంద్వ సమాసం. నర్మంలోనూ (అంటే హాస్యంలోనూ) వివాహంలోనూ అని. భారతంలో శర్మిష్ఠ యయాతితో అన్న శ్లోకం చూడండి: "న నర్మయుక్తం వచనం హినస్తి న స్త్రీషు రాజన్ న వివాహకాలే". మూడూ విడివిడిగా లేవూ?

బందరు లడ్డు: భారతం భారతమే, భాగవతం భాగవతమే. నా సమాసం నాది.

కాటుక కన్నీరు: శర్మిష్ఠ మాటెత్తారు కనక. శర్మిష్ఠ జోలికి పోనని యయాతి మాటిచ్చింది మామగారైన శుక్రుడికే. ఆ మాట తప్పించడానికి ఆవిడ వాడిన ధర్మసూక్ష్మాన్నే ఇక్కడ శుక్రుడు బలికి బోధిస్తున్నాడు. దెబ్బ తిన్నచోటే పాఠం నేర్చుకున్నాడన్నమాట. పైగా అక్కడ బొంకవచ్చని వాదించింది ఆడది, వింటున్నది మగాడు. కాబట్టి "ఆడవాళ్లతో" అన్న అర్థం ఒక్కటే పట్టుకుని వేలాడక్కర్లేదు.

సూర్యగణం: గమనించారా, నన్నయ "వధూజనసంగమమున వివాహసమయములందున్" అన్నాడు, పోతన వారిజాక్షులన్నాడు. నర్మాన్ని ఇద్దరూ వదిలేశారు. హాస్యానికి ఆడే అబద్ధానికి తెలుగులో మాఫీ లేదేమో!

రీలు డబ్బా: నర్మం తీసేస్తే ఆ కాలపు హాలీవుడ్ కామెడీల్లో సగం ఎగిరిపోతాయి. 'ది లేడీ ఈవ్' (1941)లో బార్బరా స్టాన్విక్ వేరే మనిషినని నమ్మించి హెన్రీ ఫోండాని పెళ్లాడి, హనీమూన్ రైల్లో పాత ప్రేమికుల పేర్లు ఒక్కొక్కటే చదువుతుంది. స్త్రీ, నర్మం, వివాహం మూడూ ఒకే పెట్టెలో. ఇక్కడ బొంకింది ఎవరు, మోసపోయింది ఎవరు? 'ఆడమ్స్ రిబ్' (1949)లో లాయరు కేథరిన్ హెప్‌బర్న్, మొగుడిమీద కాల్పులు జరిపిన ఆడమనిషి తరఫున వాదిస్తూ, ముద్దాయిని మగాడిగా ఊహించుకోమని జూరీని అడుగుతుంది. ఎదుటి పక్షం లాయరు సొంత మొగుడే. పద్యాన్నీ అలా తిరగేసి చూస్తే?

సూర్యగణం: తిరగేశాను. "వారిజాక్షునందు వైవాహికములందు". గణాలు చెక్కుచెదరలేదు, యతికీ ఢోకా లేదు. "లం" పోయి "నం" వచ్చిందంతే.

కాటుక కన్నీరు: వారిజాక్షుడంటే విష్ణువు కదండీ బాబూ!

సూర్యగణం: గుమ్మంలో నిలబడ్డది ఆయనే కదా మరి. శుక్రుడు బలిని బొంకమన్నది ఆయనతోనే.

బందరు లడ్డు: 😂 పోతన కావాలనే "లం" అన్నాడంటాను. బలి వినేది ఒకటి, శుక్రుడు అనేది ఒకటి.

అరసున్న: తాళపత్రంలో చూశారా? నేనైతే ఏ ప్రతిలోనూ చూడలేదు.

కాటుక కన్నీరు: అబద్ధాలు సరే, ఆ ఘట్టంలో అసలు దంపతులని మరిచిపోయారు. గురువు ఎంత చెప్పినా వింధ్యావళి బంగారు కలశంతో నీళ్లు తెచ్చి మొగుడి మాట నిలబెట్టింది. రాజ్యం ఆవిడదీ కదా, ఒక్క ప్రశ్నయినా వేసిందా? హెప్‌బర్న్ అయితే ముందు కలశం కింద పెట్టేది.

బందరు లడ్డు: వింధ్యావళిని ఏమీ అనకండి. ఆ నీళ్లు పడబోయే విష్ణువు చెయ్యి గురించే కదా బలి నోట "ఆదిన్ శ్రీసతి కొప్పుపై" వచ్చింది. ఆ పద్యం పాడి వినిపించేవాళ్లెవరైనా ఉన్నారా ఇక్కడ?

దుప్పటిగోడ: నా "అందు" సంగతి?

సూర్యగణం: ఆడియో పెడుతున్నా ఉండండి. "తనువుపై" దగ్గర ఆగాలా, "అంసోత్తరీయంబుపై" దాకా ఒకే ఊపిరా?