పడవ ఇంజన్‌కి చోక్ పనిచేయకపోయినా పర్వాలేదా?

లంగరు:
మా పడవలో ఉన్నది లోపల బిగించిన 4 సిలిండర్ల పెట్రోలు ఇంజన్, కార్బురేటర్‌ది (పెట్రోలుని గాలితో కలిపే భాగం). పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ కావాలంటే సెల్ఫ్ పదిసార్లయినా కొట్టాలి. ఒకసారి వేడెక్కిందంటే కీ తిప్పీ తిప్పగానే పట్టుకుంటుంది. కార్బురేటర్ నోటి మీద మంట బయటికి రాకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్ విప్పి చూస్తే, గాలికి అడ్డుపడాల్సిన చోక్ ప్లేటు నిలువుగా తెరుచుకునే ఉంది, చల్లగా ఉన్నా మూసుకోవట్లేదు. ఎలక్ట్రిక్ చోక్, అంటే కరెంటుతో స్ప్రింగు వేడెక్కితే తెరుచుకునేది. బాగు చేయించాలా, వదిలేయొచ్చా?

తెడ్డు:
నేను మూడేళ్లుగా చోక్ లేకుండానే నడుపుతున్నానండీ. న్యూట్రల్‌లో పెట్టి థ్రాటిల్ రెండుసార్లు పూర్తిగా తోసి, తర్వాత స్టార్ట్ చేస్తాను. తోసిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పంపు కాస్త పెట్రోలు చిమ్ముతుంది, అదే చోక్ పని చేసిపెడుతుంది. అయితే స్టార్ట్ అయ్యాక ఒకటి రెండు నిమిషాలు థ్రాటిల్ మీద చెయ్యి తీయడానికి లేదు, తీస్తే ఆగిపోతుంది.

కెరటం:
తెడ్డు గారి పద్ధతి ఎండాకాలంలో నడుస్తుంది, చలికాలంలో మొరాయిస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, చాలావరకు మానిఫోల్డ్ (సిలిండర్లలోకి మిశ్రమం వెళ్లే గొట్టాలు) గోడలకి అంటుకుపోతుంది. వేడెక్కాక ఒక వంతు పెట్రోలుకి బరువులో 14.7 వంతుల గాలి లెక్క. చల్లగా ఉన్నప్పుడు మిశ్రమం అంతకంటే చాలా చిక్కగా ఉండాలి. చోక్ గాలికి అడ్డుపడితే లోపల లాగుడు పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఐడిల్ స్పీడు పెంచే క్యామ్ కూడా దానికే కలిసి ఉంటుంది. థ్రాటిల్ మీద చెయ్యి తీయలేకపోవడం అందుకే.

ఇంకో మాట. చిన్న అవుట్‌బోర్డ్ మోటార్లలో చాలావాటికి యాక్సిలరేటర్ పంపే ఉండదు. వాటికి చోకో, ప్రైమరో (స్టార్టింగ్‌కి అదనపు పెట్రోలు పంపేది) ఏదో ఒకటి ఉండి తీరాలి.

చుక్కాని:
నాకు దీనికి తలకిందులైన అనుభవం. మాది ఎలక్ట్రిక్ చోకే. వైరు ఊడిపోవడంతో స్ప్రింగు వేడెక్కక ప్లేటు సగం మూసుకునే ఉండిపోయింది. స్టార్టింగ్ బ్రహ్మాండంగా ఉండేది కాబట్టి నెలపాటు పట్టించుకోలేదు. తర్వాత నల్ల పొగ మొదలైంది, విప్పితే ప్లగ్గులు కాటుక పూసినట్టున్నాయి. డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను, గుప్పున పెట్రోలు! ఆయిల్ మట్టం కూడా గీత దాటి ఉంది. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోలు కడిగేసి కిందికి దిగిందన్నమాట. అదృష్టం, బేరింగులు పోకముందే ఆయిల్ మార్చేశాను. చోక్ తెరిచి ఉండిపోతే మనకి ఇబ్బంది, మూసి ఉండిపోతే ఇంజన్‌కి నష్టం.

వైరు మళ్లీ పెట్టేటప్పుడు ప్లగ్గులకి నిప్పురవ్వనిచ్చే ఇగ్నిషన్ కాయిల్ నుంచి కరెంటు తీసుకోకండి. పాయింట్ల ఇగ్నిషన్‌లో అక్కడ వోల్టేజీ తక్కువ. చోక్ పూర్తిగా తెరుచుకోదు, నిప్పురవ్వ కూడా బలహీనపడుతుంది. కీ ఆన్ చేస్తే పూర్తి 12 వోల్టులు వచ్చే చోటు వెతకండి.

కెరటం:
లంగరు గారూ, ఫ్లేమ్ అరెస్టర్ తీసేసి సెల్ఫ్ మాత్రం కొట్టకండి. చోక్ లేని చల్లని ఇంజన్ కార్బురేటర్‌లోకి ఎదురు మంట కొట్టొచ్చు, కింద ఇంజన్ గదిలో పెట్రోలు ఆవిరి ఉంటుంది. స్టార్ట్ చేసేముందు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను 4 నిమిషాలు నడపండి. ఇంకొకటి, చూసేముందు థ్రాటిల్ ఒకసారి తోసి వదిలారా? క్యామ్ విడుదలైతేగానీ ప్లేటు మూసుకోదు.

లంగరు:
తోసి చూశాను, కదల్లేదు. ఈరోజు చోక్ పక్కనున్న నల్లటి గుండ్రని మూత మూడు స్క్రూలు విప్పి తీశాను. చుట్ట స్ప్రింగు కొన లివరు కొక్కెంలోంచి జారి బయట ఉంది! కొక్కేనికి తగిలించి, మూత మీది గీతని పాత గుర్తుకి కలిపి బిగించాను. థ్రాటిల్ ఒకసారి తోయగానే ప్లేటు టక్కున మూసుకుంది. సెల్ఫ్ రెండోసారికి ఇంజన్ పట్టుకుంది, చెయ్యి తీసేసినా ఆగలేదు. కాసేపాగి ఆపి, అరెస్టర్ తీసి చూస్తే ప్లేటు నిలువుగా తెరుచుకుని ఉంది. డిప్‌స్టిక్ కూడా చూశాను చుక్కాని గారూ, పెట్రోలు వాసన లేదు.