పొద్దుగాల చలికి ఏటీవీ లేస్తలేదు, ఎండెక్కినంక మంచిగ లేస్తది.. ఎక్కడ చూడాలె?

చేవెళ్ల_తోట:
అన్నలూ, చేవెళ్ల దిక్కు మా మామిడితోటల 125 సీసీ ఏటీవీ (నాలుగు చక్రాల మోటర్ బండి) ఉంది. కార్బురేటర్ (పెట్రోల్, గాలి కలిపి ఇంజన్‌కు ఇచ్చేది) బండి, చేతి చోక్, సెల్ఫ్ ఒక్కటే, కిక్ లేదు. డ్రిప్ పైపులు, ఎరువు బస్తాలు తిప్పనీకె అదే ఆధారం. డిసెంబర్ మొదలైన కాన్నుంచి పొద్దుగాల అస్సలు లేస్తలేదు, చోక్ గుంజి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతది గని అందుకోదు, బ్యాటరీ దిగేదాకా కొట్టుడే. 10 గంటలకు ఎండ పడ్డంక లేస్తది, ఒకసారి లేసిందంటే సాయంత్రం దాకా ఏ తిప్పలుండదు. ప్లగ్ కొత్తది ఏసిన, ఎయిర్ ఫిల్టర్ కడిగిన. మెకానిక్ కార్బురేటర్ మొత్తం మార్చాలంటుండు. నిజంగ మార్చాల్నా? నాయినకు మోకాళ్ల నొప్పి, బండి లేకుంటే తోటంత నడిచే తిరుగుతుండు, అదే నా బాధ. జర చెప్పండ్రి.

పాత_కార్బ్:
తమ్ముడూ, కార్బురేటర్ అప్పుడే కొనకు. వేడి మీద మంచిగ నడుస్తుందంటే మెయిన్ జెట్ (బండి ఉరుకుతున్నప్పుడు పెట్రోల్ ఇచ్చే బెజ్జం) బాగనే ఉన్నట్టు. ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు పెట్రోల్ సరిగ ఆవిరి కాదు, లోపల గోడలకే అంటుకుంటది, అందుకే చోక్ గుంజి ఎక్కువ ఇచ్చేది. అది అందుతలేదా, కంప్రెషనే (ఇంజన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి) తక్కువుందా, ముందుగాల ఇది తేల్చుకో. పొద్దుగాల సెల్ఫ్ కొట్టకముందే ఎయిర్ ఫిల్టర్ పైపు విప్పి కార్బ్ నోట్లె సిరంజితోని 2, 3 మిల్లీ పెట్రోల్ పోయి, పైపు మల్ల గట్టిగ పెట్టి అప్పుడు కొట్టు. పైపు పెట్టకుండ మాత్రం కొట్టకు, బ్యాక్‌ఫైర్ అయితే మంట బయటికొస్తది. టక్కున అందుకొని ఆగిపోతే పెట్రోల్ కొరతే.

అట్లైతే చోక్ లివర్ గుంజినప్పుడు కార్బ్ కాడ ప్లంజర్ (చోక్ దారి తెరిచే చిన్న కడ్డీ) నిజంగ పూర్తిగ లేస్తుందా కండ్లతోని చూడు, కేబుల్ సాగితే ఇక్కడ లివర్ మొత్తం వస్తది గని అక్కడ ప్లంజర్ సగమే లేస్తది. తర్వాత పైలట్ జెట్ (తక్కువ స్పీడుకు పెట్రోల్ ఇచ్చే చిన్న జెట్) విప్పి వెలుగుకు పెట్టి చూడు, నడుమల సూది మొనంత బెజ్జం గుండ్రంగ కనవడాలె, అంచుకు పచ్చగ బంక కొంచెం పట్టినా చలికి లేవదు. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టు, ఇనుప తీగతోని గీకితే బెజ్జం పెద్దగై కొత్త పరేషాన్ మొదలైతది. ఇంకోటి, చోక్ గుంజినప్పుడు యాక్సిలరేటర్ ముట్టుకోకు. ప్లంజర్ చోక్‌కు వాక్యూమ్ (ఇంజన్ లోపలికి గుంజే బలం) కావాలె, యాక్సిలరేటర్ ఇస్తే అది పడిపోయి చోక్ లైన్ల పెట్రోల్ రాదు. నాయినక్కూడ ఈ ముచ్చట చెప్పు.

కూకట్‌పల్లి_రైడర్:
బ్రో, పై అన్న చెప్పింది కరెక్టే, కానీ వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండే సన్నటి గ్యాప్) చూడకుండా వదలొద్దు. వాడేకొద్దీ వాల్వ్ సీటులోకి దిగి గ్యాప్ తగ్గిపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోక సెల్ఫ్ తిరిగే ఆ కొద్ది స్పీడుకి కంప్రెషన్ నిలవదు. వాల్వ్ సౌండ్ లేదు కాబట్టి బాగుందనుకుంటారు చాలామంది, టైట్ అయిన వాల్వ్ అసలు సౌండే చెయ్యదు. ఆ గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది, ఖరీదేం కాదు. రాత్రంతా ఆగి ఉన్న చల్లటి ఇంజన్ మీదే కొలవాలి.

శంషాబాద్_శీను:
భయ్యా, బ్యాటరీ చెక్ చేసినవా? ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు ఉండాలె, సెల్ఫ్ కొడుతుంటే 10 కిందికి పడితే బ్యాటరీ అయిపోయినట్టే, కొన్ని బండ్లల స్పార్క్ కూడ బ్యాటరీ నుంచే వస్తది. ఇంకా ఇప్పుడు పంపుల దొరికేది ఈ20, 20 శాతం ఇథనాల్, అది చలికి మామూలు పెట్రోల్ లెక్క తొందరగ ఆవిరి కాదు, పైగా తేమ గుంజుకుంటది. వారం ఆగి ఉన్న బండైతే కార్బ్ కింద డ్రెయిన్ స్క్రూ తిప్పి పాత పెట్రోల్ ఒంపేసి కొత్తది రానియ్యి.

చేవెళ్ల_తోట:
అందరికి థ్యాంక్స్ అన్నా. సిరంజితోని పోసి కొడితే టక్కున అందుకొని ఆగింది. ట్యాంక్ కింద చెయ్యి పెట్టి చూస్తే ప్లంజర్ నిజంగనే సగమే లేస్తుంది, కేబుల్ అడ్జస్టర్ తిప్పి బిగించిన. ఇప్పుడు పొద్దుగాల లేస్తుంది గని జర సేపు కొట్టాల్సి వస్తుంది. వాల్వ్ గ్యాప్ ఎంత పెట్టాలె?

కూకట్‌పల్లి_రైడర్:
మాన్యువల్‌లో ఉన్న నంబరే పెట్టండి, ఇంత చిన్న ఇంజన్లకి ఎక్కువగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. రెండు వాల్వులూ మూసుకుని ఉండే కంప్రెషన్ టాప్ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) మీద పెట్టి కొలవండి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా కొంచెం తిరిగిపోతుంది, అందుకే బిగించాక ఇంజన్ చేత్తో రెండు రౌండ్లు తిప్పి మళ్ళీ టాప్ మీదకి తెచ్చి ఇంకోసారి గేజ్ పెట్టి చూడండి. జెట్ కూడా ఈ ఆదివారమే విప్పేయండి, నాన్నగారికి మళ్ళీ ఇబ్బంది రాకుండా.