జనపనార–ఎపాక్సీ షీట్లు: టెన్సైల్ పెరిగింది, ఇంపాక్ట్ ఎందుకు తగ్గింది?

అందరికీ నమస్కారం. ఎంటెక్ ప్రాజెక్టు కోసం జనపనార బట్ట, ఎపాక్సీ రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు లాంటిది) కలిపి హ్యాండ్ లే-అప్ పద్ధతిలో (పొరలు పేర్చి చేత్తో రెజిన్ పూస్తూ) షీట్లు చేస్తున్నాను. సగం షీట్లకు నారను ముందే ఆల్కలీ (క్షారం) అయిన 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి వాడాను. వాటి టెన్సైల్ బలం (లాగితే తెగకుండా ఆగే బలం) బాగానే పెరిగింది. ఐజాడ్ ఇంపాక్ట్ (లోలకం దెబ్బకు విరిగేటప్పుడు పీల్చుకునే శక్తి) మాత్రం మామూలు నార షీట్ల కంటే తగ్గింది.

విరిగిన అంచులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అయిన ఎస్‌ఈఎం కింద చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మామూలు నారలో పోగులు పొడుగ్గా ఊడొచ్చాయి, వాటికి రెజిన్ అంటనే లేదు, పక్కన నున్నటి గుంతలు. ఆల్కలీ పట్టించిన పోగులు రెజిన్‌తో పాటే పుటుక్కున తెగాయి. పోగు ఊడేటప్పుడు రాపిడికి కొంత శక్తి ఖర్చవుతుంది కదా, పట్టు మరీ గట్టిపడటంతో అది పోయిందా? లేక ఆల్కలీ, నారలో సెల్యులోజ్‌తో పాటు ఉండే హెమిసెల్యులోజ్‌ను తీసేయడంతో ఆగకుండా పోగునే దెబ్బతీసిందా? గాలి బుడగలు రెండు రకాల్లోనూ ఉన్నాయి, అందుకే వాటి మీద నాకు పెద్దగా అనుమానం లేదు.

ఈ రెండు కారణాలనూ విడదీసి చూడటం ఎలా? ఒంటి పోగు టెన్సైల్ పరీక్ష చాలా, మైక్రోబాండ్ పరీక్ష (పోగు మీద గట్టిపడ్డ రెజిన్ బొట్టును ఊడదీసి పట్టు కొలిచేది) కూడా తప్పదా? మా ల్యాబ్‌లో సన్న పోగును పట్టే గ్రిప్పులు లేవు. అట్టముక్క ఫ్రేముకు అతికించి లాగినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ జిగురు వాడారో కూడా చెప్పండి.