మాల్టా, 1565: సెయింట్ ఎల్మోని వదిలేసి ఉండాల్సిందా?

అగడ్త_రవి:
సెయింట్ జాన్ సంఘపు క్రైస్తవ యోధులైన నైట్ల చేతిలో ఉన్న మాల్టా ద్వీపాన్ని 1565లో ఒట్టోమన్ టర్కులు ముట్టడించారు కదా, ఆ మాట రాగానే అందరూ సెయింట్ ఎల్మో కోట వీరగాథ ఎత్తుకుంటారు. నా లెక్క వేరు. రేవు ముఖం దగ్గర 1552లో హడావిడిగా కట్టిన చిన్న కోట అది. నాలుగు కొనల నక్షత్రం ఆకారం. వెనకున్న స్కెబెరాస్ గుట్ట దానికంటే ఎత్తు. టర్కులు ఆ గుట్ట మీదకి ఫిరంగులు ఎక్కించాక ఇంకేం మిగులుతుంది? జూన్ 23న కోట పడేసరికి లోపల 1,500 మంది దాకా చనిపోయారు. ద్వీపం మొత్తం మీద ఆయుధం పట్టగలవాళ్లే ఆరేడు వేలు! నైట్ల అధిపతి, గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ మాత్రం రాత్రిపూట పడవల్లో మనుషుల్ని పంపుతూనే ఉన్నాడు. దీన్ని వ్యూహం అనాలా, మొండితనం అనాలా?

ఫిరంగి_ప్రసాద్:
వ్యూహమే అండీ. బయటి కోట పని గెలవడం కాదు, శత్రువు రోజులు తినేయడం. తమ ఓడలకి ఎల్మో పక్కనున్న మార్సంషెట్ రేవు కావాలని టర్కుల నౌకాదళాధిపతి పియాలే పాషా పట్టుబట్టాడు, అందుకే ముందు ఎల్మో మీద పడ్డారు. నెల పోయింది. టర్కుల వైపు సముద్ర సేనాని డ్రాగుట్ రెయిస్ లాంటి ఉద్దండుడు అక్కడే దెబ్బ తిని చనిపోయాడు. టర్కుల నష్టం 4,000 అని కొందరు, 8,000 అని కొందరు. సిసిలీ నుంచి పెద్ద సహాయ సైన్యం దిగింది సెప్టెంబర్ 7న. ఆ నెల రోజులూ రేవుకి అవతల నైట్ల ముఖ్య పట్టణం బిర్గు గోడల మీద పడి ఉంటే అప్పటిదాకా ఆగేవాళ్లా?

బురుజు_బాబాయ్:
ఇద్దరూ రావెలిన్‌ని వదిలేశారు. కోట ముందు విడిగా కట్టే బయటి బురుజు అది. ఎల్మోకి ఉన్న రావెలిన్ జూన్ 3నే టర్కుల చేతికి పోయింది. మట్టి పోసి దాన్ని ఎత్తు చేసి, నేరుగా కోట లోపలికి కాల్చారు. కాపలా కాయాల్సిన బురుజే గుండెల మీద కుంపటి అయింది. అందుకే రావెలిన్‌ని అసలు గోడ కంటే తక్కువ ఎత్తులో, వెనకవైపు తెరిచి కట్టాలంటారు. పోయినా శత్రువుకి అందులో చాటు దొరకదు, వెనక గోడ మీంచి కాల్చి ఊడ్చేయొచ్చు.
1683లో ఇదే టర్కులు ముట్టడించిన వియన్నా చూడండి. బుర్గ్, లోబెల్ బురుజుల మధ్య రావెలిన్‌ని జూలై చివరి నుంచి సెప్టెంబర్ మొదటి రోజుల దాకా నిలబెట్టుకున్నారు. రెండు పక్కలా బురుజులు, వెనక నగరం గోడ.

అగడ్త_రవి:
బాబాయ్, మీరు నా వాదనే బలపరిచారు. వియన్నా రావెలిన్ గోడనుంచి తుపాకీ దూరంలో ఉంది. ఎల్మోకీ బిర్గుకీ మధ్య నీళ్లు. బిర్గు కొనలోని సెయింట్ ఆంజెలో కోట ఫిరంగులు రేవు మీదుగా కాల్చాయి సరే, డ్రాగుట్ కొత్త ఫిరంగులు పెట్టించి పడవల దారి మూసేశాక ఏం ఒరిగింది? లోపలున్న నైట్లే జూన్ 8న బయటికి రానివ్వమని ఉత్తరం రాశారు!

గోల్కొండ_పిల్ల:
తప్పు కోటది కాదు, ఆ గుట్టది. గోల్కొండలోనూ ఇదే తంటా. 1656లో మొఘలుల ముట్టడి తర్వాత, శత్రువు ఎక్కి కూర్చోగల ఎత్తుని గోడ లోపలికి కలుపుకుంటూ నయా ఖిలా కట్టారు. మాల్టాలోనూ 1566లో నైట్లు ఆ స్కెబెరాస్ గుట్ట మీదే వాలెట్టా నగరం మొదలుపెట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ పట్టుకున్నారు.

ఫిరంగి_ప్రసాద్:
గుట్ట మీద నగరం కట్టాలన్న ప్రతిపాదన ముట్టడికి ముందే ఉందమ్మా, అప్పుడు కట్టలేకపోయారు. మే నెలలో టర్కులు దిగాక ఆ గుట్ట వైపు లా వాలెట్ చేతిలో ఉన్నది ఎల్మో ఒక్కటే. రవిగారూ, ఆ ఉత్తరం రాసినవాళ్లు చివరికి అక్కడే ఉండి పోరాడారు. దాని సంగతీ చెప్పండి.

అగడ్త_రవి:
ఉన్నారు, నిజమే. మీ స్థానంలో వేరేవాళ్లని పంపుతా, మీరు వచ్చేయండి అని ఆయన సిగ్గుపడేలా చేస్తే ఉన్నారు. ఆ 1,500లో సగం మందైనా జూలైలో బిర్గు పక్కనున్న సెంగ్లియా గోడ మీద ఉండి ఉంటే ఎంత తేడా వచ్చేదో మీరు చెప్పండి ముందు.